సగం గ్లాసు పాలు

4 ఫిబ్రవరి 1957, ఏలూరు

ఉదయం ప్రార్థనలో గొంతు మళ్లీ జారిపోయింది. ఎప్పుడూ ఎత్తుకునే శ్రుతిలోనే ఎత్తుకున్నాను. రెండో చరణం దగ్గర పైకి వెళ్లబోయి, ఎవరో కొంగు పట్టి లాగినట్టు కిందికి పడింది. వెనక వరసలో పిల్లలు నవ్వారు. కళ్లు మూసుకుని పాట పూర్తి చేశాను. భక్తి అనుకుని ఉంటారు.

డ్రిల్లు టీచరు సుబ్బాయమ్మ మిరియాల కషాయం తాగమంది. దీపావళి నుంచీ ఇదే జలుబా అండీ అని కూడా అడిగింది. అవునన్నాను. కాలవ పక్కన ఇల్లు, తెల్లారగట్ల మంచు. జలుబే.

మొహానికి పసుపు రాయడం మళ్లీ మొదలుపెట్టాను. మద్రాసులో చదువుకునే రోజుల్లో మానేసిన అలవాటు. ఏమిటీ కొత్త అని ఆయన అడుగుతారనుకున్నాను. చూడలేదేమో.

7 ఫిబ్రవరి

పాలు చివర్లో ఏదో రుచి. చాక్‌పీసు పొడి నాలుక మీద పడ్డట్టు. నాంచారమ్మని అడగాలి.

8 ఫిబ్రవరి

అడిగాను. పాలల్లో పిండేమైనా కలుపుతున్నావా అని, వాకిట్లో, నలుగురూ చెంబులు పట్టుకుని నిలబడి ఉండగా. అలా అందరిలో అడగాలనుకోలేదు. ఈ మధ్య మాట నోట్లోంచి ముందే దూకేస్తోంది, కోపం దాని వెనకాలే వస్తోంది.

నాంచారమ్మ చెంబు కింద పెట్టింది. "మా గేదెలు కొల్లేట్లో గడ్డి మేస్తాయండీ అమ్మగారూ, గోడలు నాకవు. పిండి కలిపితే కాచినప్పుడు అడుగంటదా అండీ? మీరు పిల్లలకి పాఠాలు చెప్పేవారు, మీకు తెలియదా?" అంది. పక్కింటి నాగరత్నం నవ్వాపుకుంది.

నిజమే, అడుగంటడం లేదు. కాచినప్పుడు చెంచాతో రుచి చూస్తే బాగానే ఉంటున్నాయి. ఆయన తాగి ఇచ్చాక, అదీ ఆఖరి గుక్కలోనే.

ఎంగిలి వల్ల ఏయే జబ్బులు వస్తాయో బోర్డు మీద రాసి, పిల్లల చేత కాపీ చేయించేది నేనే. ఇంటికొచ్చి ఆయన తాగగా మిగిలిన సగం గ్లాసూ తాగేదీ నేనే. శోభనం నాడు పెద్దవాళ్లు చెప్పి పంపారు. ఆ తర్వాత ఎవరూ చెప్పలేదు, మేమూ మానలేదు. పిల్లలు పుట్టని ఇంట్లో మిగిలిన మురిపెం ఆ సగం గ్లాసే అనిపిస్తుంది ఒక్కోసారి. మునుపు చేతికి అందించేవారు. ఇప్పుడు గదిలో కాగితాలు చూసుకుంటూ తాగి, మిగిలింది తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి వెళ్లిపోతున్నారు.

20 ఫిబ్రవరి

ఆయన మంచం వరండాలోకి మార్పించుకున్నారు. ఎండలు మొదలవుతున్నాయి కదా అన్నారు.

ఎండలు మొదలవుతున్నాయి.

2 మార్చి

నెల రాలేదు. పోయిన నెలా రాలేదు, అంతకు ముందూ అంతే. వయసు, అంతే. అమ్మకి కూడా నలభై దాటగానే ఆగిపోయిందని ఎవరో అన్నట్టు గుర్తు. అమ్మో, పిన్నో.

ముల్లు తీసే శ్రావణంతో గడ్డం కింద వెంట్రుకలు పీకుతున్నాను. రాద్దామా వద్దా అని ఇన్నాళ్లూ తటపటాయించాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా సిగ్గుపడితే ఇక ఎక్కడ రాయను? రోజూ పీకుతున్నాను. పీకినచోట మర్నాటికి గరుకు. నూగు కాదు, వెంట్రుక. నల్లగా, ముతగ్గా.

ఇంకొకటి కూడా ఉంది. ఒంట్లో ఒక వేడి, ఒక కోరిక. పెళ్లయిన కొత్తల్లో కూడా ఇంత లేదు. నిన్న వరండా గుమ్మం దాకా వెళ్లాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. నిద్రపోలేదు, ఊపిరి తెలుస్తుంది కదా. వెనక్కి వచ్చేశాను.

నా మొహం చూడలేకే వరండాలోకి వెళ్లిపోయారు. ఇదీ అసలు సంగతి. ఎండలు కాదు.

14 మార్చి

ఇవాళ నా క్లాసు తలుపు బయట ఎవరో పిల్ల తండ్రి నిలబడి, లోపల మాస్టారున్నారు, తర్వాత వస్తానని ప్యూనుతో చెప్పి వెళ్లిపోయాడట. స్టాఫ్ రూములో అందరూ నవ్వారు. నేనే ముందు నవ్వాను.

సాయంత్రం హెడ్‌మిస్ట్రెస్ పిలిచి, ప్రార్థన కొన్నాళ్లు ఇంకెవరైనా పాడితే మీకు విశ్రాంతిగా ఉంటుందేమో అన్నారు. ఎంతో మెత్తగా అన్నారు. ఆ గొంతు తప్ప నా దగ్గర చెప్పుకోదగ్గదేముంది ఈ స్కూల్లో.

27 మార్చి

లైబ్రరీలో పాత వైద్యగ్రంథం ఒకటి ఉంది, ఎవరో దొర వదిలి వెళ్లింది. వెతగ్గా వెతగ్గా దొరికింది. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న గ్రంథుల్లో కంతి పుడితే ఆడదానికి గడ్డం వస్తుందిట, గొంతు మారుతుందిట, నెల ఆగుతుందిట. వరసగా నన్ను చూసి రాసినట్టే ఉంది. ఆ తర్వాతి పేజీలో ఆపరేషను. ఎంతమంది బతికారో కూడా వేశారు. ఆ పేజీ చదవలేదు.

చదివాను.

సూర్యకాంతానికి ఉత్తరం రాశాను. మద్రాసులో ఒకే హాస్టల్లో ఉన్నాం. అది డాక్టరయింది, నేను టీచర్నయ్యాను. కంతేమో, మద్రాసు వెళ్లి చూపించుకుంటానని ఆయనకి చెబితే, నేనూ వస్తాను అన్నారు. వద్దన్నాను. "అది ఒంటరిగా ఉంటోందండీ, మీరుంటే ఇబ్బంది" అన్నాను. ఆయన మళ్లీ కాగితాల్లోకి వెళ్లిపోయారు. తాడేపల్లిగూడెం మిల్లులో ఈ మధ్య పని ఎక్కువగా ఉన్నట్టుంది. సాయంత్రం పాసింజరు దిగి ఇంటికొచ్చేసరికి మనిషిలో కళ ఉండటం లేదు. ఆయనకీ ఏదో దిగులు. ఇలాంటి భార్య ఉంటే ఎవరికుండదు.

24 ఏప్రిల్, మద్రాసు

పరీక్షలయ్యాయి, పేపర్లు దిద్దేశాను, వచ్చేశాను. సూర్యకాంతం గుమ్మంలోనే నా గడ్డం పట్టుకుని వెలుతురుకి తిప్పింది. పసుపు తుడుచుకు రమ్మంది. "ఏమే, ఇన్ని నెలలు ఏం చేస్తున్నావు? పాఠం చెప్పుకుంటున్నావా?" అంది.

రాత్రి కూర్చోబెట్టి చెప్పింది. ఆండ్రోజెన్లని మగ హార్మోన్లంటాం గానీ ఆడదాని ఒంట్లోనూ ఉంటాయట, ఆ టోపీ గ్రంథులూ అండాశయాలూ కొద్దికొద్దిగా తయారు చేస్తాయట. ఆ కొద్దీ దాటితే ఇదిగో ఇలా. అయితే రక్తం తీసి ఎంతుందో చూడు, అన్నాను చెయ్యి చాపి. రక్తంలో ఉంటుంది గానీ కొలిచే సాధనం మా దగ్గర లేదే, కొల్లేట్లో చిటికెడు ఉప్పు వేసి రుచి చూడమన్నట్టు ఉంటుంది, అంది. అందుకని రక్తం వేరే వాటికి తీస్తారట. దీనికి మాత్రం ఒక పగలూ రాత్రీ మూత్రమంతా పట్టాలి. హార్మోను పని ముగించుకుని అందులోకి దిగిపోతుంది. రసాయనం కలిపితే వంకాయ రంగు వస్తుందట. రంగు ఎంత ముదిరితే అంత ఎక్కువ.

కంతి అయితే బాగా ముదురుతుంది. సర్జనుతో ఇప్పటికే మాట్లాడి ఉంచింది. నవ్వుతూ చెప్పింది గానీ నా మణికట్టు వదల్లేదు.

26 ఏప్రిల్

రోజంతా ఒక గాజు కూజాతో గడిపాను. సైన్సు టీచర్ని, సిగ్గు పడకూడదు. గది దాటి వెళ్లలేదు. కూజా మీద తువ్వాలు కప్పాను.

28 ఏప్రిల్

ఇంకా రాలేదు.

నేను పోతే ఆయన మళ్లీ చేసుకుంటారా? చేసుకోవచ్చు. ఆ వచ్చేదానికి కూడా సగం గ్లాసు ఇస్తారా అని ఆలోచించాను. చావు గురించి ఇంతకన్నా పెద్ద ఆలోచనలు రావేమిటి నాకు.

1 మే

రంగు రాలేదు. కంతి లేదు.

సంతోషంతో ఏడవబోతుంటే సూర్యకాంతం తలుపు వేసి వచ్చి ఎదురుగా కూర్చుంది. నీళ్లలో ఒక చుక్క సిరా పడ్డట్టు ఉందట, అంతే. మామూలు ఆడదానికి ఉండాల్సినంత కూడా లేదట. అనుమానం వచ్చి మళ్లీ చేయించిందట. "ఒంటి మీద చూస్తే అంత, సీసాలో చూస్తే ఇంత. నీ గ్రంథులు తయారు చెయ్యడం లేదే, మానుకుని కూర్చున్నాయి. బయటినుంచి సరుకు వస్తుంటే లోపల ఎవరు పనిచేస్తారు? ఏం వేసుకుంటున్నావు?"

ఏమీ లేదన్నాను.

మగవాళ్ల కోసం మాత్రలు వచ్చాయట, ఆ హార్మోనునే కాస్త మార్చి, నోటితో వేసుకునేలా చేసినవి. ఆ రకం తమ పరీక్షలో రంగు ఇవ్వదట. బలానికని, రక్తస్రావం ఆగడానికని ఆడవాళ్లకీ రాసేస్తున్నారట కొందరు డాక్టర్లు. "నాకైనా నిజం చెప్పవే. నేనేం అనుకోను" అంది. ఎంత చెప్పినా నమ్మలేదు. చివరికి నాకే అనుమానం వచ్చింది, నిద్రలో లేచి ఏమైనా మింగుతున్నానా అని.

మీ ఇంట్లో ఇంకెవరైనా వాడుతున్నారా అని అడిగింది. మా ఇంట్లో మేమిద్దరమే అన్నాను. ఆ మాట అన్నాక లేచి వెళ్లి, వేసిన తలుపు నేనే తీశాను.

2 మే

లేదు.

3 మే

ఆలోచించాను. పాలు. పిండి అన్నానని నాంచారమ్మ ఆ రోజు చూసిన చూపు. మందు పెట్టిందేమో.

ఇది రాస్తున్నది నేనేనా? మందు పెట్టడం అనేది మూఢనమ్మకమని ఏటా రెండు పీరియడ్లు చెబుతాను. కానీ బయటినుంచి వస్తోందని డాక్టరే అంటోంది, రుచి పాలల్లోనే ఉంది, పాలు తెచ్చేది నాంచారమ్మే. గొంతు మార్పు ఆ గొడవకి ముందే మొదలైంది కదా. అవును. ఆ సంగతి ఇక్కడ రాయకుండా ఉంటే బాగుండేది.

నాగరత్నానికి కార్డు రాశాను, నాంచారమ్మని మాన్పించి పాపాయమ్మ దగ్గర పాలు పోయించుకోమని ఆయనకి చెప్పమని. ఎందుకో కూడా ఒక్క ముక్క రాశాను. రాయకుండా ఉండాల్సింది.

12 మే, ఏలూరు

స్టేషనుకి ఆయనే వచ్చారు. కంతి లేదట అన్నాను. బండి దిగీ దిగగానే, పోర్టరు పక్కన ఉండగానే, ఆయన కళ్లు తుడుచుకున్నారు. నేను ఎప్పుడూ చూడలేదు ఆయన కళ్లు తుడుచుకోవడం.

మిగతాది చెప్పలేదు.

నాగరత్నం నా కార్డుని పేటంతా చదివి వినిపించినట్టుంది. మా వీధిలో ఎవరూ నాంచారమ్మ దగ్గర పోయించుకోవడం లేదు. గేదెల్ని తోలుకుని లంకలోని పుట్టింటికి వెళ్లిపోయిందట.

13 మే

పాపాయమ్మ పాలు. చివరి గుక్క చాక్‌పీసు.

14 మే

రాత్రి గట్టు మీద గ్లాసు తీసుకోలేదు. పెళ్లయ్యాక మొదటిసారి.

పొద్దున్న ఆయన బండికి వెళ్లాక కిటికీలో పెట్టాను. పాలు విరిగి, పైన తేటయింది. మెల్లిగా వంచేశాను. అడుగున తెల్లటి పొడి, మెత్తగా, ఒక పక్కకి పేరుకుని. వేళ్ల మధ్య రాసి చూశాను. కరగలేదు.

కరగనిది కిందికి దిగుతుంది. ఫస్టుఫారం పాఠం. పై సగం తాగినవాళ్లకి పాలు, కింది సగం తాగినవాళ్లకి మందు.

మే రెండో తారీఖునే నాకు తెలుసు. అక్కడ ఒక్క మాట రాసి ఊరుకున్నాను. ఆయన్ని అనుమానించడం కంటే ఆ గేదెలమనిషిని అనుమానించడం తేలికయింది నాకు.

కాని ఎందుకు? నన్ను ఇలా చెయ్యాలని ఎందుకు అనుకుంటారు?

16 మే

ఇవాళ ఆయనకి మిల్లు సెలవు. భోజనం చేసి, చెయ్యి కడుక్కుని వచ్చాక, ఆ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టాను. పొడి ఎండి అంటుకుపోయి ఉంది. ఏమిటండీ ఇది, అన్నాను. నా గొంతు నాకే ఎవరో మగవాడు నిలదీస్తున్నట్టు వినిపించింది.

ఆయన గ్లాసు చూశారు. అందులో ఏముందో చూడ్డానికి వంగలేదు. తెలుసు కదా.

బల్లతో చెబుతున్నట్టు చెప్పారు. ఏలూరులో అయితే నలుగురికీ తెలుస్తుందని తాడేపల్లిగూడెంలో డాక్టరు దగ్గరికి వెళ్లారట, పోయిన దసరా తర్వాత. "ఒంట్లో మగతనం ఉడిగిపోయినట్టుంది. నీకు చెప్పే మొహం లేకపోయింది" అన్నారు. ఆ డాక్టరు ఇచ్చిన మాత్రలు ఆయన మింగలేరు. ఏ మాత్రా మింగలేరు, చిన్నప్పటి నుంచీ అంతే, నాకు తెలుసు. అందుకని గదిలో తలుపేసుకుని, భస్మం నూరినట్టు కల్వంలో నూరి, పాలల్లో కలుపుకునేవారట. గుణం కనిపించక ఒకటి రెండు చేశారు, రెండు మూడు చేశారు. వరండాలోకి మంచం మార్చుకున్నది కూడా అందుకేనట. నేను ఎదురుచూస్తున్నానని తెలిసి, లేచి రాలేక, గోడవైపు తిరిగి పడుకునేవారట.

"అన్ని వేసుకున్నా నాకేం పనిచెయ్యలేదు" అన్నారు.

"నాకు పనిచేసిందండీ" అన్నాను.

తలెత్తారు. మాటలో వెటకారం వెతుక్కుంటున్నట్టు చూశారు ముందు. తర్వాత నా మొహం చూశారు. ఇవాళ పసుపు రాసుకోలేదు నేను. గడ్డం చూశారు, మెడ చూశారు, గ్లాసు చూశారు. అర్థమవుతూ ఉండటం, ఒక్కొక్క మెట్టే, నాకు కనిపించింది. ఆపేద్దామనిపించింది, ఇక చాలు, అంతకన్నా చూడకండి అందామనిపించింది. చెయ్యి చాపి గ్లాసు బోర్లించారు. బోర్లించిన గ్లాసు మీద అరచెయ్యి అలాగే ఉంచి కూర్చున్నారు.

నేను కోప్పడాలి. ఆ కోపం కూడా ఆ మాత్రలదేనేమో అనిపించి, ఎంతవరకు నాదో తేలక, ఊరుకున్నాను.

19 మే

గుడివాకలంక వెళ్లాను. కొల్లేట్లో నీరు బాగా తీసేసింది. పడవ వెళ్లాల్సిన దారిలో చాలామేర బండి మీదే వెళ్లాను, మిగతాది బురదలో నడిచి. నాంచారమ్మ పుట్టింటివాళ్లు వలలు ఆరేసుకుంటున్నారు. తను గేదెల దగ్గర ఉంది. నన్ను చూసి లేవలేదు.

తప్పు నాది, పాలది కాదు అన్నాను. మరి దేనిదండీ అంది. అది మాత్రం చెప్పలేనన్నాను. ఇంటి సంగతి అన్నాను.

"ఇక్కడ చెబితే కొంగలు వింటాయండీ" అంది. "మందు పెట్టానని ఊళ్లో అన్నారు కదా. ఊళ్లో చెప్పండి."

22 మే

చెప్పాను. పొద్దున్న పాల వేళకి, నాగరత్నం, పాపాయమ్మ, లంక నుంచి వచ్చిన నాంచారమ్మ, మిగతా అందరూ ఉండగా, వాకిట్లో నిలబడి. నాంచారమ్మ పాలల్లో ఏమీ లేదు, నా అనుమానం తప్పు, ఆమెను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను అని. ఈ గొంతు వీధి చివరిదాకా పోయింది. పాత గొంతయితే మూడో ఇంటి దగ్గర ఆగేది. నాంచారమ్మ చెంబులో పాలు పోస్తూ, రేపట్నుంచి ముందుగానే డబ్బు కట్టాలండీ మీరు, అంది. కడతానన్నాను.

మరి అంత జబ్బు ఎందువల్ల వచ్చిందండీ అని నాగరత్నం అడిగింది. జలుబు అన్నాను.

10 జూన్

అంతా రాసి పంపిన ఉత్తరానికి సూర్యకాంతం జవాబు వచ్చింది. నెల వస్తుందిట, వెంట్రుకలు మెల్లిగా పలచబడతాయిట, కాస్త ఓపిక పట్టమంది. గొంతు గురించి రెండో పేజీలో రాసింది: స్వరపేటిక ఒకసారి పెరిగితే మళ్లీ తగ్గదు.

ఆయనకి వెంట్రుకల సంగతి చదివి వినిపించాను. రెండో పేజీ మడిచేశాను.

17 జూన్

స్కూలు తెరిచారు. ప్రార్థన నేనే పాడతానన్నాను. హెడ్‌మిస్ట్రెస్ ఇబ్బందిగా నవ్వి సరేనన్నారు. కింద శ్రుతిలో ఎత్తుకున్నాను. పిల్లలు అక్కడికి దిగలేక, పైన ఉండలేక, ఎవరి శ్రుతిలో వాళ్లు పాడారు. ఎంత వికారంగా ఉందో. అయినా పూర్తి చేశాం. ఎవరూ నవ్వలేదు, లేక కళ్లు మూసుకోవడం వల్ల నాకు కనిపించలేదు.

గొంతు కాస్త తేలికపడినట్టే ఉంది. సుబ్బాయమ్మకి తెలియలేదేమో గానీ, తేలికపడింది.

18 జూన్

ఆయన మంచం లోపలికి వచ్చింది. వర్షాలు మొదలవుతున్నాయి కదా అన్నారు.

పాలు ఇప్పుడు వంటింట్లోనే, నా ఎదురుగానే తాగుతారు. మొదటి సగం నాకు ఇస్తారు, మిగిలింది తను. అడగలేదు నేను, ఆయనే మొదలుపెట్టారు. ఆడదాని ఎంగిలి మగవాడు తాగడం మా అత్తగారు చూసి ఉంటే ఏమనేవారో. ఇవాళ మిగిలిందంతా తాగి, ఖాళీ గ్లాసు నా చేతికి అందించారు. తియ్యగానే ఉన్నాయి, ఏమీ లేదు, అన్నారు.

నమ్మాను.

కడిగే ముందు ఒకసారి దీపం దగ్గర పెట్టి అడుగు చూశాను.